మూలనున్న చిన్న అంకె

కొలంబస్, ఒహాయో
అక్టోబరు 6

వదినా,

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. మీ ఇద్దరి ఫోన్లూ అన్నయ్య కుర్చీ పక్కనే ఉంటాయి. నువ్వు వంటింట్లోంచి వచ్చేలోపు తనే ఎత్తుతాడు. నా గొంతు వినగానే ‘ఏమైంది?’ అంటాడు. ఏమీ కాలేదని అన్నయ్యతో అబద్ధం చెప్పడం నాకు నలభై నాలుగేళ్ళు వచ్చినా చేతకాలేదు. మీకు పోస్టు పదకొండింటికి వస్తుంది కదా, అప్పుడు తను పెట్రోలు బంకు దగ్గర మిత్రులతో కాఫీ తాగుతూ ఉంటాడు. అందుకని ఇలా.

సంగతి ఇది. కాలేజీలో ఏటా నాలుగు క్లాసులు ఇచ్చేవాళ్ళు ఈ ఏడు ఒక్కటే ఇచ్చారు. తర్కశాస్త్రం చదవడానికి పిల్లలు రావడం లేదట. వచ్చే ఏడాదికి నన్ను ఉంచుకోవాలో వద్దో మే నెలలోగా చెబుతారట. పదమూడేళ్ళు అదే గదిలో, అదే నల్లబల్ల ముందు నిలబడ్డాను. ఇప్పుడు అద్దె, కరెంటు పోగా తిండికీ సబ్బుకీ కలిపి వారానికి ముప్పై ఐదు డాలర్లు మిగులుతున్నాయి.

అన్నయ్యకు చెప్పకు. దండం పెడతాను. నన్ను చదివించడానికి తను గనిలో రెండు షిఫ్టులు చేశాడు. రెండో ఏడు ఫీజుకి ట్రక్కు అమ్మేసి, ఆ ఏడాదంతా ఎవరి బండి దొరికితే అందులో పనికి వెళ్ళాడు. ఇప్పుడు ఇది తెలిస్తే పడవ అమ్మేస్తాడు. అరవై రెండేళ్ళలో తన కోసం తను కొనుక్కున్నది ఆ చేపల పడవ ఒక్కటే. అదీ నా ఖాతాలో పడితే ఇక నేను తన ముఖం చూడలేను.

నాకు డబ్బు వద్దు వదినా. నీ విద్య కావాలి. మీ వెనక గదిలో ఇంటి కప్పుదాకా పేర్చిన సబ్బులూ డబ్బాలూ చూసి ‘ఇది ఇల్లా, గోడౌనా?’ అని ఎన్నిసార్లు నవ్వానో గుర్తుందా? నిన్న మా వీధి చివర రెడ్ రూస్టర్ డాలర్ షాపులో, మీ ఊళ్ళో ఉన్నటువంటిదే, సబ్బుల అర ముందు అరగంట నిలబడ్డాను. అన్నీ చవకగానే కనపడ్డాయి. ఏది నిజంగా చవకో తెలియలేదు. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను. తర్కం చెప్పే మనిషి సబ్బు ఎంచుకోలేకపోయింది.

నీ
నోరీ


బెల్చర్ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు 15

ఒసే నోరీ,

ఈ అట్టముక్క చూసి నవ్వకు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చింపి వెనకాల రాస్తున్నా. లావు మార్కర్లు రెండు కలిపి డాలరూ పావలాకి వచ్చాయి, కొన్నాక వాడొద్దూ? నువ్వేమో చీమలు పాకినట్టు రాస్తావు. ఇకమీదట కాస్త పెద్దగా రాయి.

నా నోటితో మీ అన్నకి ఒక్క మాట చెప్పను. ఒట్టు.

ఇహ విను. అర మీద ప్రతి సరుకు కిందా ధర చీటీ ఉంటుందా? అందులో లావుగా కనపడే అంకె నీకోసం కాదు, తొందరలో ఉన్నవాళ్ళకోసం. ఎడమపక్క కింద మూలన, ఈగ వాలినంత చిన్న అంకె ఇంకోటి ఉంటుంది. అది ఔన్సు ధర. దాన్ని చూడు. డాలర్ షాపు తెలివంతా ఏమిటంటే డబ్బా చిన్నది చేసి ధర తగ్గించినట్టు కనపడటం. పంచదార సంచి చూడు, చేతిలో పట్టుకుంటే కోడిపిల్లంత ఉంటుంది. నాలుగు పౌన్లుండేది మూడున్నరయింది. అది పెద్ద బజారులోనే కొను. పాలు అసలు ముట్టుకోకు. అల్యూమినియం రేకు కొన్నావంటే నువ్వు నా ఆడపడుచువే కాదు, పట్టుకుంటే చిరిగిపోతుంది. బ్యాటరీలు గోడ గడియారానికి కూడా సరిపోవు. గ్రీటింగు కార్డులు, మిరియాల పొడి, దాల్చిన చెక్క, గాజు గ్లాసులు, ఇవి కళ్ళు మూసుకుని కొను. రొట్టె కంపెనీది వస్తే కొను, ఒక్కరోజు పాతదైతే ఏం, కాల్చుకు తినేదానివేగా.

చదువుకునే కళ్ళజోళ్ళు కూడా అక్కడ చవకే. నేను మూడు నంబర్లవి కొన్నా, గదికొకటి.

శనివారం సంగతి అసలైంది. పాతిక డాలర్ల సరుకు కొంటే ఐదు తగ్గిస్తారు. ఒక్కో ఫోను నంబరుకి ఒకటే కూపన్. అంటే ఇంట్లో ఎన్ని నంబర్లుంటే అన్ని బిల్లులు. పిల్లలు ఇంట్లో ఉన్న రోజుల్లో మేం నాలుగు బిల్లులు చేసేవాళ్ళం, ఇప్పుడు మీ అన్నదీ నాదీ రెండే. పాతిక దాటాలి గానీ పాతికన్నర దాటకూడదు. అదీ పనితనం.

చచ్చినా తిండి తగ్గించకు. చిక్కుడు గింజలు ఎండువి కొని నానబెట్టు, ఓ ఉల్లిపాయ, మొక్కజొన్న రొట్టె. మనం పెరిగింది వాటిమీదే.

మీ వదిన
వెల్డా


కొలంబస్
నవంబరు 3

వదినా,

నేను పరువు తీసుకున్నాను. నువ్వు తప్ప ఇంకెవరికీ ఇది చెప్పుకోలేను.

శనివారం పొద్దున ఏడున్నరకే వెళ్ళాను. షాపు ముందు కార్లలో జనం కూర్చుని ఫోన్లలో కూపన్లు నొక్కుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ చూడరు, గుడిలో కూర్చున్నట్టు. నేనూ కూర్చుని నొక్కాను. ఎందుకో చాలా రోజుల తర్వాత పదిమందిలో ఉన్నట్టనిపించింది.

నువ్వు ఒకసారి పదకొండు ఈస్టర్ బుట్టలు ఒక్కొక్కటి ఒక్క సెంటుకి తెచ్చావు కదా, కాలం చెల్లిన సరుకు కంప్యూటర్లో సెంటుకి దిగిపోతుందని చెప్పావు కదా. అది గుర్తుకొచ్చి నేరుగా గల్లా దగ్గరున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, మర్యాదగా, ‘ఒక్క సెంటు సరుకులు ఏ అరలో ఉన్నాయండీ?’ అని అడిగాను.

నా వెనకున్న ముసలావిడ బండిలోంచి హాలోవీన్ కొవ్వొత్తుల పెట్టె పైన చటుక్కున కోటు కప్పింది. గల్లా ఆవిడ ‘అలాంటివి అమ్మమండీ, కనపడితే తీసిపారేస్తాం’ అంటూనే ఓ కుర్రదాన్ని పిలిచి హాలోవీన్ అరంతా ఖాళీ చేయించింది. ముసలావిడ నా దగ్గరికి వచ్చి చెవిలో, ‘తల్లీ, ఎక్కడ చదువుకున్నావే నువ్వు?’ అంది.

తర్వాత మాత్రం బుద్ధిగా మూల అంకెలు చూశాను. బట్టల సబ్బు పెద్ద డబ్బా, ఓట్సు, టమాటా డబ్బాలు ఆరు. ఇరవై నాలుగూ డెబ్బై దగ్గర ఆగింది. చూయింగ్ గమ్ ఒకటి పెట్టాను, పాతిక దాటింది. ఐదు డాలర్లు తగ్గాయి. కారులో కూర్చుని ఆ బిల్లు రెండుసార్లు చదువుకున్నాను. ఇంత చిన్నదానికి ఇంత సంతోషమా అని అనుమానం వచ్చింది. సంతోషమే.

కారు ఆపేటప్పుడు గరగరమంటోంది. దాని సంగతి తర్వాత చూస్తాను.

అన్నయ్య ఎలా ఉన్నాడు? నా గురించి ఏమైనా అడుగుతున్నాడా?

నోరీ


బెల్చర్ ఫోర్క్
నవంబరు 12

నోరీ,

నవ్వలేక చచ్చాను. సెంటు సరుకు ఎక్కడుందని గల్లా దగ్గర అడగటమేమిటే పిచ్చిమొహమా! అది మంత్రసాని దగ్గరకెళ్ళి మగపిల్లాడు ఏ అరలో ఉన్నాడని అడిగినట్టుంది. నోరు మూసుకుని తీసుకుని, నోరు మూసుకుని బిల్లు చేయించుకుని, కారెక్కాక నవ్వాలి. ఇక్కడ మన ట్విలాకి, అదే మన రెడ్ రూస్టర్లో గల్లా చూసే పిల్లకి, చెప్పాను, ఎవరని చెప్పలేదులే. అది నేలమీద కూర్చుని నవ్వింది.

కారు సంగతి తర్వాత కాదు, ఇప్పుడే చూడు. ఆపేటప్పుడు గరగరమంటే ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగినట్టు, వెనకవి కాదు. ఇంకో నెల తిప్పావంటే డిస్కు గీసుకుపోయి ఖర్చు నాలుగింతలవుతుంది. ప్యాడ్లు నువ్వే విడిగా కొని పట్టుకెళ్ళు, బిగించడానికి మాత్రం డబ్బులిస్తానను. ఖరీదైనవి వద్దు, మరీ చవకవీ వద్దు, మధ్యరకం. కుడిపక్క బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, నూనె పోసి రాత్రంతా ఉంచమను.

మీ అన్న బాగానే ఉన్నాడు. నీ గురించి అడగడం లేదు.

పై వాక్యం చూసి బాధపడకు. అడగాల్సిన అవసరం లేనట్టు ఉన్నాడంతే.

వెల్డా వదిన


కొలంబస్
డిసెంబరు 9

వదినా,

బ్రేకులు బాగుపడ్డాయి. మెకానిక్కు కుడిపక్క బోల్టు చూసి, ‘ఇది తుప్పుపట్టి ఉంటుందని మీకెవరు చెప్పారండీ?’ అన్నాడు. నాకూ అదే సందేహం. ఉడికించిన మొక్కజొన్న తప్ప దేన్నీ విడదీయడం ఇష్టంలేని మా వదినకి నా కారు కుడి చక్రం సంగతి ఎలా తెలుసు?

ఇంకొకటి. కోపం తెచ్చుకోకు. నీ రాతలో వరసలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కుతున్నాయి. కిందటి అట్టముక్క మీద చివరి వాక్యం ముందున్న వాక్యం మీదుగా నడిచిపోయింది. తొందరలో రాస్తున్నావా? ఒంట్లో బాగుంటోందా?

నా సంగతి చెబితే నవ్వుతావు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా మూల అంకెలే చూస్తున్నాను. క్లాసులో కూడా అదే చెప్పాను. ఎదుటివాడి వాదనలో లావుగా కనపడే మాట మీకోసం కాదు, మూలనున్న చిన్న మాట చూడండి అన్నాను. ఒకమ్మాయి అది నోట్సులో రాసుకుంది. పదమూడేళ్ళలో నేను చెప్పినదాన్ని ఎవరైనా వెంటనే రాసుకోవడం అదే మొదలేమో. అది నీదని చెప్పలేదు. దొంగతనమే.

క్రిస్మస్‌కి రాలేను. పేపర్లు దిద్దాలని అన్నయ్యతో చెప్పు. ఉన్నవి పంతొమ్మిది పేపర్లే. కానీ వస్తే భోజనాల దగ్గర ‘కాలేజీ ఎలా ఉంది ప్రొఫెసరూ?’ అని అడుగుతాడు. ప్రతిసారీ అదే మాట, అదే గర్వం. ఈసారి దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు.

పడవకి చలికాలం కప్పు వేశాడా?

నోరీ


బెల్చర్ ఫోర్క్
జనవరి 8

నోరీ,

పండక్కి నువ్వు రాలేదని మీ అన్న సాల్మన్ చేపల వడలు తనే కాల్చాడు. సగం మాడాయి. నీ కంచం కూడా పెట్టి, ‘పేపర్లు దిద్దుకుంటోంది కదా, పాపం’ అన్నాడు. అని కిటికీలోంచి బయటకు చూశాడు. పడవకి నీలం కప్పు వేశాడు, చూడ్డానికి బాగుంది.

నా రాతకేం వచ్చింది? బల్ల కాలు ఒకటి పొట్టిది. ఒంట్లో శుభ్రంగా ఉన్నాను.

ఈమధ్య మీ అన్న నాతో శనివారం షాపుకి వస్తున్నాడు. అవును, ఆయనే. ముప్పై ఎనిమిదేళ్ళు కారు దిగని మనిషి ఇప్పుడు బండి తోస్తున్నాడు. ట్విలా ఫొటో తీసి గోడకి పెడతానంది.

నీకో పెట్టె పంపుతున్నాం. పంపుతున్నాను. అన్నీ మూల అంకె చూసి ఎంచినవే. వద్దనకు, తిప్పి పంపితే పోస్టు ఖర్చు రెండింతలు, అంత దండగ పని నువ్వు చేయవని తెలుసు.

వెల్డా వదిన


కొలంబస్
జనవరి 26

వదినా,

పెట్టె అందింది. ముందు కృతజ్ఞతలు. చిక్కుడు గింజలు రెండు నెలలకి సరిపోతాయి.

ఇప్పుడు ఎలా రాయాలో తెలియడం లేదు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

పెట్టెలో అల్యూమినియం రేకు ఉంది వదినా. రెండు చుట్టలు. బ్యాటరీలు ఉన్నాయి. బట్టల సబ్బు చిన్న సీసాలు నాలుగు ఉన్నాయి, పెద్దది ఒకటి కొంటే అందులో సగం ధరకి వచ్చేది. పంచదార సంచి కూడా ఉంది, కోడిపిల్లంతది. నువ్వు కొనొద్దన్న ప్రతి వస్తువూ ఏరి ఏరి పెట్టినట్టుంది. అన్నీ బల్లమీద పరిచి చాలాసేపు చూశాను. మొదట నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

అడుగున వేరుశనక్కాయ ఆకారపు నారింజరంగు మిఠాయి పొట్లం. అది నాకు ఆరేళ్ళప్పుడు ఇష్టం. జీతం రోజున అన్నయ్య గని నుంచి వచ్చేటప్పుడు భోజనం డబ్బాలో పెట్టి తెచ్చేవాడు. పంచదార కలిపిన గాలి, దండగ ఖర్చు అని నువ్వు తిట్టేదానివి. కొత్త కోడలివి, అయినా తిట్టేదానివి. అది నువ్వే కొన్నావా? ఆ రోజుల గురించి ఈమధ్య ఎక్కువగా ఆలోచిస్తున్నావా?

నేను అడిగేదానికి సూటిగా జవాబు చెప్పు. డబ్బాలు పెట్టిన చోటు మరిచిపోవడం లాంటివి ఏమైనా ఉన్నాయా? స్టవ్ ఆర్పానో లేదో అని అనుమానం వస్తోందా? డాక్టరు దగ్గరికి వెళ్ళావా?

నా అనుమానం తప్పైతే నన్ను ఎంతైనా తిట్టు. తప్పు కావాలనే కోరుకుంటున్నాను.

నోరీ


బెల్చర్ ఫోర్క్
ఫిబ్రవరి 5

నోరీ,

నాకు మతి బ్రహ్మాండంగా ఉంది. నీ ఏడో పుట్టినరోజుకి నువ్వు ఎవరి కొత్త గౌను మీద వాంతి చేసుకున్నావో కూడా గుర్తుంది, చెప్పమంటావా?

రేకు ఏదో తొందరలో పడింది. తిట్టదలిస్తే నిన్నే తిట్టాలి, పెట్టెలు లెక్కపెట్టి మనుషులకి రోగాలు అంటగడుతున్నావు.

ఇక ఈ మాట ఎత్తకు.

వెల్డా


కొలంబస్
మార్చి 11

అన్నయ్యా,

నీకు నేను ఉత్తరం రాయడం కాలేజీ మొదటి ఏడాది తర్వాత ఇదే అనుకుంటాను. కూర్చుని చదువు.

వదిన గురించి నాకు భయంగా ఉంది. అది ఎందుకో చెప్పాలంటే నీ దగ్గర దాచినదంతా చెప్పాలి. ఐదు వారాలుగా ఈ రెంటి మధ్య తిరుగుతున్నాను. చెప్పకపోతే నీకు తెలియదు, నువ్వు సంతోషంగా ఉంటావు. కానీ వదినకి ఏదైనా జరుగుతుంటే, నా పరువు కాపాడుకోవడానికి నేను నోరు మూసుకున్నదాన్నవుతాను. అది నావల్ల కాదు.

అక్టోబరు నుంచి నాకు ఒక్క క్లాసే ఉంది. మే తర్వాత అదీ లేదు. వాళ్ళు ముందే చెప్పేశారు, సోమవారం ఉత్తరం వచ్చింది. రెండు వాక్యాలు. నువ్వు భోజనాల దగ్గర అందరికీ చెప్పుకునే ప్రొఫెసరు ఇక లేదు అన్నయ్యా. ఈ చలికాలమంతా వదిన చెప్పినట్టు శనివారాలు డాలర్ షాపుకి వెళ్ళి బతికాను. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఆకలితో లేను. నీకు చెప్పొద్దని వదినతో ఒట్టు వేయించుకున్నాను, తప్పు తనది కాదు.

ఆ ఉత్తరాల వల్లే నాకు తెలిసింది. తను రాసే వరసలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. జనవరిలో పంపిన పెట్టెలో తను జన్మలో కొనని వస్తువులు ఉన్నాయి. వదిన రేకు కొనడమంటే నువ్వు చేపని తిరిగి నీళ్ళలో వేసి క్షమాపణ చెప్పడం లాంటిది. నీకు కనపడకపోయి ఉండవచ్చు, పక్కనే ఉండేవాళ్ళకి ఇలాంటివి నెమ్మదిగా అలవాటైపోతాయి. ఇది మతిమరుపుకి మొదలేమోనని నా భయం. దయచేసి డాక్టరుకి చూపించు. నేను వచ్చి తోడుంటాను. మే తర్వాత నాకు కావలసినంత సమయం ఉంది.

ఒక్కటి అడుగుతాను. పడవ అమ్మకు. అమ్మి డబ్బు పంపితే తీసుకోను. నన్ను క్షమించు.

నీ చెల్లెలు
లెనోరా


బెల్చర్ ఫోర్క్
మార్చి 17

నోరీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నాకు, ఒకసారి వెల్డాకి.

రేకు కొన్నది నేను.

బ్యాటరీలు నేనే. పంచదార నేనే. చిన్న సీసాలు నాలుగైతే ఎక్కువ వస్తుందనుకున్నాను. ఆమె సరుకుల చీటీ రాయకుండా నోటితో చెప్పింది, నేను సగం మరిచిపోయాను. లావు అంకె చూశాను. మిఠాయి మాత్రం మరిచిపోలేదు, అది ఆమెకి తెలియకుండా పెట్టాను. పెట్టె అతికించేటప్పుడు చేత్తో తడిమి, ఈ మెత్తగా ఉన్నదేమిటి అంది. సబ్బు అన్నాను.

మీ వదినకి మతి పోలేదు. కళ్ళు పోతున్నాయి. నడిమి చూపు పోయి అంచులది మిగులుతుందట. గోడ కనపడుతుంది, గోడముందు నిలబడ్డ మనిషి ముఖం కనపడదు. కిందటి వేసవిలో మొదలైంది. కంటికి సూదులు వేస్తున్నారు, ఉన్నది నిలబడుతుందన్నారు. నీకు చెప్పొద్దంది. చెబితే ఉన్న ఒక్క క్లాసు కూడా వదిలి పరిగెత్తుకొస్తావంది. ఊళ్ళో కూడా చెప్పలేదు. షాపులో అందరూ వచ్చి ‘వెల్డా, ఏది చవక?’ అని అడిగే మనిషి. ధర చీటీ చదవలేకపోతున్నానని ఎలా చెబుతుంది?

ఇప్పుడు నా సంగతి. అక్టోబరులో నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు వాన, నేను బంకుకి వెళ్ళలేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి మూడు కళ్ళజోళ్ళు మార్చి మార్చి చూస్తోంది. ఇటివ్వు అన్నాను. ఇవ్వనంది. నోరీ రాసింది, ఏమైందో ఏమిటో అని ఆమెకీ భయమే. చివరికి ఇచ్చింది. గట్టిగా చదివాను. ‘అన్నయ్యకు చెప్పకు, దండం పెడతాను’ అన్నదగ్గరికి వచ్చి ఆగాను.

తర్వాత వెల్డా, ‘నువ్వు విననట్టే ఉండు’ అంది. ‘చదివింది నేను, విననట్టు ఎలా ఉంటానే?’ అన్నాను. ‘నా నోటితో చెప్పనని ఒట్టు వేస్తాను. నువ్వు చదివావు, నేను చెప్పలేదు’ అంది. లాయరు కావలసిన మనిషి.

అప్పటినుంచి అన్నీ నేనే చదివాను. సెంటు సరుకు సంగతి చదువుతుంటే నవ్వొచ్చి ఆగిపోయాను, ఆమె ‘తర్వాతేమైంది, తర్వాతేమైంది’ అని భుజం మీద కొట్టింది. బ్రేకుల సంగతి నేను చెప్పి రాయించాను. కిందటి వేసవిలో నీ కారుకి నూనె మార్చినప్పుడు ఆ కుడి బోల్టు చూశాను.

మొదటి ఉత్తరం రాత్రే పడవకి బోర్డు రాశాను, అమ్మబడును అని. తెల్లారి తగిలించబోతే వెల్డా వచ్చి లాక్కుంది. ‘అది అమ్మావంటే నీకు తెలిసిందని దానికి తెలిసిపోతుంది. అప్పుడు ఉత్తరాలు రాయడం మానేస్తుంది’ అంది. అందుకని పడవ ఉంది. నీ ఉత్తరాల వల్లే ఉంది. ఆ బోర్డు వెనకాలే ఇది రాస్తున్నాను, చూసుకో.

ప్రొఫెసరని నేను అందరికీ చెప్పుకునేది నిజమే. మానుకోను. నేను చదివించింది నిన్ను. నిన్ను ఎవరు ఉంచుకున్నారు, ఎవరు తీసేశారు అన్నది వాళ్ళ గోల. ఐదు నెలలు ‘నీకేమైందే’ అని అడగకుండా కూర్చోవడం గనిలో రెండు షిఫ్టులకన్నా కష్టమైంది. మళ్ళీ నాచేత ఆ పని చేయించకు.

శనివారం రా. బ్రేకులు బాగున్నాయి కదా.

హర్షెల్

ఏమే, నాకు రోగం అంటగట్టినదానా! ఈ కింద ఖాళీ నాకు వదిలాడు, గీత గీసి మరీ ఇచ్చాడు, పక్కకు పోకుండా. మీ అన్నతో వేగలేకపోతున్నాను. శనివారం ఆయన చీటీ చదువుతాడు, ‘డాలరూ పావలా’ అంటాడు. మూల అంకె చెప్పవయ్యా అంటే, ‘ఇంత చిన్నది ఎవరు చదువుతారే?’ అంటాడు. నాకు ఆ అంకె చదివే మనిషి కావాలి. మొహమాటపడి రావడం కాదు, పనుంది కాబట్టి రా. షాపు ఎనిమిదింటికి తెరుస్తారు, ఏడున్నరకల్లా కారులో ఉండాలి. నీ ఫోను నంబరు మర్చిపోకుండా తెచ్చుకో. ఈసారి మూడు బిల్లులు.